‘ఇక్కడ నొక్కండి’: మొబైల్ సహాయపు తెరలో రంధ్రం, నిర్దేశం

అంగళ్లులో ఒక టమాట రైతు మార్కెట్ ధరలు చూసుకోవడానికి ఫోనులో కొత్త యాప్ తెరిచాడనుకుందాం. తెరంతా మసకబారుతుంది. ఒకచోట మాత్రం గుండ్రని వెలుగు, దాని పక్కన ‘ఇక్కడ నొక్కండి’ అన్న వాక్యం కనిపిస్తాయి. ఈ రెంటినీ కలిపి ఒకే ఉక్తిగా చదవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఆ వెలుగు జాగాను యాప్ నిర్మాతలు కటౌట్ అంటారు. తెలుగునాట కటౌట్ అంటే సినిమాహాలు ముందు నిలిపిన కథానాయకుడి నిలువెత్తు బొమ్మ; ఇక్కడ మాత్రం అది కోసి తీసేసిన ఖాళీ.

‘ఇక్కడ’ అన్న మాట ‘ఈ’, ‘కడ’ల కలయిక. ఆ, ఈ, ఏలను చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) త్రికమని పిలిచింది. ‘ఈ’ దేన్ని సూచిస్తుందో వక్త వేలు చూపితేనే తెలుస్తుంది. సహాయపు తెరలో ఆ వేలి పని రంధ్రం చేస్తుంది. కనుక రంధ్రాన్ని గీయడంలో జరిగిన పొరపాటు వాక్యదోషంగానే పరిణమిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో సాధారణంగా యాప్ తెరపై పాక్షిక పారదర్శకమైన నల్లని పొర పరచి, అందులో ఒక వృత్తాన్ని ‘క్లియర్’ పద్ధతిలో చెరుపుతారు. ఆ పొరను విడిగా గీసుకోకుండా నేరుగా చెరిపితే వెలుగుకు బదులు నల్లని మచ్చ మిగలవచ్చు. ఈ దోషం కంటికి తెలుస్తుంది కనుక నిర్మాత వెంటనే దిద్దుకుంటాడు. కంటికి తెలియని దోషం మరొకటుంది. చెరిగింది రంగు మాత్రమే. పొర అక్కడే ఉంది. ప్రత్యేకించి ఏర్పాటు చేయకపోతే వేలి తాకిడిని ఆ పొరే గ్రహించి, కింది మీటకు చేరనివ్వకపోవచ్చు. ‘నొక్కండి’ అన్న విధిని పాటించినవాడికి ఫలితం దక్కదు. తప్పు తనదేనేమో అనుకుంటాడు.

చూపులేని వాడుకరి విషయంలో సమస్య ఇంకా తీవ్రం. తెరపై మాటలను టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంది గానీ, రంధ్రాన్ని వినిపించలేదు. అతనికి త్రికంలోని ‘ఏ’ ఒక్కటే మిగులుతుంది: ఎక్కడ? అనువాదకుడిదీ ఇంచుమించు ఇదే స్థితి. వాక్యాలు బొమ్మ లేకుండా పట్టికగా చేతికందినప్పుడు ‘ఇక్కడ’ దేన్ని చూపుతోందో అతనికీ తెలియదు.

రంధ్రాలతో వెలుగును నడిపించే కళ రాయలసీమకు కొత్తది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల్లో ఆభరణాలను చిల్లులు పొడిచి తీరుస్తారు. వెనుక దీపం వెలిగితే అవి తెరపై మెరుస్తాయి. అయితే వచ్చిన పాత్ర ఎవరో చెప్పే భారాన్ని చిల్లులకు వదలరు. తెర వెనుక పాట, సంభాషణ ఆ పని చేస్తాయి.

సహాయపు వాక్యమూ మీట పేరు పలకాలి. అదీ మీటపై ఉన్న పేరే కావాలి. మీటపై ‘ధరలు’ అని ఉంటే సహాయంలో ‘మూల్యాలు’ అనకూడదు. పేరు చేరిస్తే వాక్యం పెరిగి చిన్న తెరపై ఇమడదన్న అభ్యంతరం రావచ్చు. ‘ఇక్కడ నొక్కండి’లో రెండు మాటలుంటే, ‘ధరలు మీట నొక్కండి’లో మూడున్నాయి. ఆ మూడో మాటకు మసక పొర మీద చోటు లేకపోలేదు.