మొవ్వు నెరిగినవాడు

కోనసీమలో కొబ్బరితోటలు గలవారమని చెప్పుకొను మావంటివారిలో పెక్కుమంది తమ చెట్టు తలను ఒక్కసారియైనను దగ్గరగా చూచి యెరుగరు. నేల మాది, నీరు మాది, ఎరువు మాది, కాయ యమ్మగా వచ్చు సొమ్మును మాదే. కాని 60 అడుగుల యెత్తున, మట్టలు నలుదెసల విచ్చుకొను ఆ నడిమి గుబురులో నేమి జరుగుచున్నదో తెలిసినవాడు దింపు కార్మికు డొక్కడే. కాళ్ళకు బందము వేసికొని, మొలకు కత్తి దోపుకొని, చూచుచుండగనే పైకి బోవు నాతనిని మనము కాయలు దింపువాడనియే యెంచుచున్నాము. చెట్టునకు వైద్యుడును ఆతడే యని నేను చెప్పుదును.

మామిడికి కొమ్మ విరిగిన మరియొకటి చిగుర్చును. వేపమానుకు గాయమైన కొంతకాలమునకు బెరడు కమ్ముకొనును. కొబ్బరికి ఈ రెండు భాగ్యములును లేవు. మానుపై బడిన గంటు ఎన్నేండ్లకును పూడదు. ప్రాణమంతయు కొననున్న యొక్క మొవ్వునందే నిలిచియుండుటచే, మొవ్వు చచ్చిన చెట్టు చచ్చినట్లే. కొమ్ముపురుగు తొలుచునది ఇంకను విచ్చుకొనని యాకును. ఆ యాకు పిదప విచ్చుకొని, కత్తెరతో కోసిన విసనకఱ్ఱవలె గనబడునప్పుడు గాని క్రిందనున్న రైతునకు సంగతి తెలియదు. పైనున్నవాడో, మట్టల సందున నమిలి త్రోసిన పిప్పిని చూచినంతనే గ్రహించి, కొన వంచిన యినుపచువ్వను రంధ్రములోనికి జొనిపి, పురుగును వెలికిలాగి, మొవ్వు చుట్టునున్న లేతమట్టల మొదళ్ళలో వేపపిండియు నిసుకయు కలిపి కూరును. కొందరు కలరా ఉండలు పెట్టి పైన నిసుక పోయుదురు. మొవ్వుకుళ్ళు తగిలినచో, కుళ్ళిన భాగమును మంచి భాగము తగులువఱకు చెక్కివేసి బోర్డో పేస్టు పూయవలెను. అంత యెత్తున, ఒక చేత చెట్టును పట్టుకొని, ఎంతవఱకు కోయవలెనో ఎక్కడ నాపవలెనో నిర్ణయించుట శస్త్రచికిత్స గాక మరేమి?

ఎఱ్ఱముక్కుపురుగు అంతకంటె క్రూరము. దాని పిల్లలు మానులోపలనే పెరుగును; గోధుమరంగు రసము కారుట కంటబడునాటికి చెట్టు ఇంచుమించు చేయి జారినట్లే. మానుకు చెవి యానించి లోపలి కొఱుకుడు చప్పుడు వినగలవారు కలరు. ఈ పురుగు గ్రుడ్లు పెట్టుటకు వెదకునది పచ్చిగాయమును. కనుకనే పనితెలిసినవాడు ఎక్కుటకు సులువని మానుపై మెట్లు చెక్కడు, పచ్చిమట్ట నరకవలసివచ్చినను నాలుగడుగుల మొదలు విడిచి నరకును. మొదలంట కొట్టివేసిన తోట శుభ్రముగా నుండునుగదా యని మా పొరుగురైతు తొందరపెట్టగా, చెట్టుపైనున్న పెద్దాయన, “ఆయ్, శుభ్రంగానే ఉంటాదండి, తర్వాత చెట్టే ఉండదండి!” యని కత్తి దోపుకొని దిగివచ్చెను. కూలి యిచ్చువానికి ఎదురుచెప్పగల ధైర్యము ఈ వృత్తిలో నేర్పునకు తక్కువైనది కాదు.

ఇక నపాయముల మాట. తడిసిన మానుపై బందము జారును. మట్టల నడుమ కందిరీగలు గూడు కట్టియుండవచ్చును, తేలు దాగియుండవచ్చును. అవి కుట్టినను చేయి వదలకుండుటయే అచ్చటి మొదటి నియమము. చెట్టెక్కక, వెదురుగెడకు కత్తి కట్టి క్రిందనుండియే కోయువారు కలరు గాని, వారికి కరెంటు తీగలు మృత్యువులు. 1996 నవంబరు 6 నాటి తుపాను పిమ్మట, కూలిన చెట్లకంటె ఎక్కువ భయపెట్టినవి కూలక నిలిచినవి. వ్రేళ్ళు కదలినవో, మాను నడుమ చీలినదో ఎక్కువాడు ముందుగా తట్టి, చుట్టును తిరిగి చూచి, తన ప్రాణము నొడ్డి తీర్పు చెప్పుకొనవలెను. కేరళలోని చెంబేరి గ్రామమున పుట్టిన ఎక్కుడు యంత్రము క్రొత్తవారికి మేలైనదే. కాని, ప్రతి చెట్టుకును దానిని బిగించి విప్పుటలో కాలము పోవునని చేయితిరిగినవారు దానిని ముట్టరు. చెట్టుకింత యని కూలి లెక్కించు చోట వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

ఈ మనిషి స్వతంత్రుడు. తన కత్తి, తన బందము, తన యిష్టము. ఆ స్వాతంత్ర్యమునకు వెల యెంతయో పడిననాడు తెలియును. వెన్నెముక విరిగి మంచము పట్టినవానిని చూచి, దింపించినది కొబ్బరి వర్తకుడుగదా యని రైతు అనును. తోట రైతుదిగదా యని వర్తకుడు అనును. మన దేశమున 1923లో వచ్చిన కార్మిక పరిహార చట్టము మొదలుకొని పరిహారమను తలంపే యజమాని యున్నాడను నమ్మకముపై నిలిచినది. యజమాని లేనివాని కది యందని పండు. మిగిలినవానిలో నొకటి 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా: బ్యాంకు ఖాతా గలిగి, 18 మొదలు 70 ఏండ్లలోపు వయసు గలవారు ఏటికి 20 రూపాయలు కట్టిన, ప్రమాద మరణమునకును సంపూర్ణ వైకల్యమునకును రెండు లక్షలు వచ్చును. సంసారమునకు అది చాలునని యెవరును అనజాలరు. అయినను ఆ 20 రూపాయలు సైతము కట్టనివారు మన తోటలలో నెందఱో కలరు.

తోటగల సోదరులకు నా మనవి యిది. వానవెలిసిన మరునాడే దింపునకు తొందరపెట్టకుడు. దింపినదానికే గాక, మొవ్వు చూచి పురుగు తీసినదానికిని వేరుగా కూలి కట్టియిండు. ఊరక చేసిన చూపు ఊరకయే యుండును. లెక్క తీర్చునపుడు ఆ బీమా కట్టితివా యని యడుగుడు, కట్టనిచో మీ చేతి సొమ్ముతోనే కట్టింపుడు. దాని గడువు ఏటేట జూన్ 1న మొదలై మే 31తో ముగియును.