చిత్రతురగం – తెలుగు కౌబాయ్: స్పాగెట్టీ వెస్టర్న్ చిత్రాల తొలి వీక్షణపై ఒక పరిశీలన

కీలకపదాలు: సెర్జియో లియోని, మోసగాళ్ళకు మోసగాడు, ఆరుద్ర, అనుకరణ, సంవాదం, వాసన.

ప్రవేశిక

తెలుగు ప్రేక్షకుడు స్పాగెట్టీ వెస్టర్న్ చిత్రాలను మొదటిసారి చూసినప్పుడు, అవి అతనికి ముందే చూసినట్లు అనిపిస్తాయి. ఉప్పల్ దాటాక వరంగల్ రహదారి మీద పోచారం వరకు విస్తరించిన ఐటీ నివాసాల్లో ఉండే ఒక యువ ఉద్యోగిని ఊహించుకోవచ్చు. అతడు 2023 మే 31న, కృష్ణ జయంతి సందర్భంగా, 4కె రూపంలో మళ్ళీ విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ను థియేటర్లో చూశాడనుకుందాం. ఆ తరువాత ఎప్పుడో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966)ని ఫోన్‌లో చూశాడు. అందులో ఈలై వాలక్ పోషించిన టూకో తెరపైకి రాగానే అతనికి గుర్తుకువచ్చేది నాగభూషణం. కాలక్రమంలో ముందున్న చిత్రం అనుభవక్రమంలో వెనుకబడింది. ‘మూలం’, ‘అనుకరణ’ అనే మాటలను తేలికగా వాడే విమర్శకు ఈ తారుమారు ఇబ్బంది కలిగిస్తుంది. తిక్కన భారతం చదివిన తరువాత వ్యాసభారతం తెరిచే తెలుగు విద్యార్థి అనుభవం కూడా ఇటువంటిదే. అయితే అక్కడ ఎవరూ తిక్కనను ‘కాపీ’ అనరు.

మూలానికీ మూలం

1971లో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’కు దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచయిత ఆరుద్ర, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. ఇది పద్మాలయా సంస్థ నిర్మాణం. లియోని చిత్రాలతోపాటు, భారతదేశంలో విశేషాదరణ పొందిన ‘మెకన్నాస్ గోల్డ్’ (1969) ప్రభావం కూడా దీనిపై ఉంది. ఈ విషయం ఎన్నడూ రహస్యం కాదు. ఈ ప్రభావాన్ని ఎత్తిచూపినంత మాత్రాన విమర్శ పూర్తయినట్లు భావించడమే తెలుగు సినిమా విమర్శలో తరచుగా కనిపించే లోపం.

లియోని ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) స్వయంగా కురొసావా ‘యొజింబో’ (1961)కు అనుసరణ. అనుమతి తీసుకోనందున వివాదం చెలరేగింది. చివరికి జపాన్ పక్షానికి వసూళ్ళలో వాటా ఇచ్చి రాజీ చేసుకోవలసి వచ్చింది. అంతేకాక ఆ చిత్రంలో లియోని ‘బాబ్ రాబర్ట్‌సన్’గా, సంగీతదర్శకుడు ఎన్నియో మొరికోనె ‘డాన్ సావియో’గా అమెరికన్ మారుపేర్లు పెట్టుకున్నారు. స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారి అమెరికా సరిహద్దుగా చలామణి అయింది. నటులు తలొక భాషలో పలికిన సంభాషణలకు తరువాత డబ్బింగ్ చెప్పించారు. అంటే ‘అసలు’ అని నేడు గౌరవిస్తున్న చిత్రం తన పేరునూ నేలనూ గొంతునూ కూడా అరువు తెచ్చుకుంది. తెలుగు చిత్రం రాజస్థాన్ ఎడారిని వాడుకున్నా, కర్తల పేర్లను మాత్రం దాచలేదు.

శంకుకుని చిత్రతురగన్యాయాన్ని ఇక్కడ స్మరించడం అసందర్భం కాదు. బొమ్మలోని గుర్రాన్ని చూసేవానికి కలిగే జ్ఞానం సత్యజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానమూ కాదు. సంశయమూ సాదృశ్యమూ కూడా కాదు. అయినా ‘ఇది గుర్రం’ అన్న ప్రతీతి కలుగుతుంది. లియోని పశ్చిమం అటువంటి బొమ్మగుర్రం. 1971 నాటి తెలుగు ప్రేక్షకుడు చూసింది ఆ బొమ్మను చూసి గీసిన బొమ్మను. ‘కౌబాయ్’ అనే మాట కూడా తెలుగులో ఆవులను వదిలేసి టోపీ, తుపాకి, గుర్రం అనే మూడింటికి పరిమితమైంది. ఆ వేషం కట్టిన నటుని పేరు గోపాలుని పేరే కావడం ఒక చమత్కారం.

నక్కజిత్తుల నాగన్న

కవుల మధ్య కనిపించే సంవాదాన్ని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతంలో ప్రతిబింబంతో, చిత్రంతో, తుల్యదేహితో పోల్చాడు. మొదటి రెండూ త్యాజ్యాలు. మూడవది గ్రాహ్యం, ఎందుకంటే ఇద్దరు మనుషుల దేహాలు పోలి ఉన్నా ఆత్మలు వేరు. ఈ కొలమానంతో చూస్తే తెలుగు చిత్రంలోని దుస్తులు, ముఖాల సమీపదృశ్యాలు చాలావరకు ప్రతిబింబాలే. వాటిని సమర్థించవలసిన అవసరం లేదు.

నాగన్న సంగతి వేరు. ఆకలి, అత్యాశ, ప్రాణభయం, నోటిదురుసు అన్నీ టూకోవే. కానీ ఆరుద్ర ఆ పాత్రకు ‘నక్కజిత్తుల’ అనే ఇంటిపేరులాంటి విశేషణం తగిలించగానే అతడు పంచతంత్రపు నక్కల బంధువయ్యాడు. టూకో నేరాల జాబితాను అధికారులు చదువుతారు. నాగన్నకు ఆ జాబితా అక్కరలేదు, పేరు వినగానే అతడెవరో ప్రేక్షకునికి తెలిసిపోతుంది. అభినవగుప్తుడు సహృదయునిలో ఉండాలన్న వాసనను ఇక్కడ రచయిత ఒక్క సమాసంతో మేల్కొల్పాడు. నాగభూషణం వాచికం ఆ మాటకు ప్రాణం పోసింది. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన కలమే కౌబాయ్ కథనూ రాసిందన్న విషయాన్ని సాహిత్యచరిత్రకారులు ఇంతవరకు వినోదవార్తగానే చూశారు. నాగన్న పాత్రచిత్రణ అంతకంటె గంభీరమైన పరిశీలనకు అర్హం.

నిశ్శబ్దం

తెలుగు చిత్రం తీసుకోలేకపోయినది ఒకటుంది. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ ఆరంభంలో సుమారు పది నిమిషాలపాటు సంభాషణ వినిపించదు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968)లో ముగ్గురు హంతకులు రైలు కోసం ఎదురుచూస్తుంటారు. ఒకని టోపీపై నీటిచుక్కలు రాలుతుంటాయి, మరొకని ముఖంపై ఈగ వాలుతుంది, గాలిమర కిర్రుమంటుంది. మొరికోనె సంగీతం కూడా అక్కడ మౌనం వహిస్తుంది. మొదటిసారి చూసే తెలుగు ప్రేక్షకుడు ఇక్కడ విసుగు చెందడం సహజం. పోచారంలోని యువకుడు బహుశా దృశ్యాన్ని ముందుకు జరుపుతాడు. అతనికి ‘ముందే చూసినట్లు’ అనిపించనిది ఈ ఘట్టమే. అందుచేత తొలి వీక్షణ నిజంగా మొదలయ్యేది ఇక్కడే.

ఈ లోటుకు పాటలను కారణంగా చూపడం ఆనవాయితీ. అది పాక్షికసత్యం మాత్రమే. లియోని కథానాయకునికి పేరు లేదు, బంధువులు లేరు, అతని గతమేమిటో ఎవరూ చెప్పరు. అతని మౌనం వెనుక చెప్పవలసిన కథే లేదు. తెలుగు కథానాయకునికి కృష్ణప్రసాద్ అనే పేరుంది, ప్రేయసి ఉంది. పేరున్నవాడు జవాబు చెప్పవలసినవాడు. అటువంటివాడు పది నిమిషాలు మాట్లాడకపోతే హాల్లోని ప్రేక్షకుడు ఏదో దాస్తున్నాడనుకుంటాడు. కనుక నిశ్శబ్దాన్ని వదులుకోవడం దర్శకుని అశక్తత కాదనీ, పాత్రకు పేరు పెట్టిన క్షణంలోనే జరిగిపోయిన నిర్ణయమనీ భావించడం సమంజసం. అయినా నష్టం నష్టమే. ఎడారి విశాలతను స్వామి కెమెరా పట్టుకున్న దృశ్యాలలో సైతం దాన్ని నిలిచి చూసే తీరిక ప్రేక్షకునికి దక్కలేదు.

‘కొదమసింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) చిత్రాలు లియోని కంటె 1971 నాటి తెలుగు చిత్రానికే దగ్గరి వారసులు. వాటిలో రెండవది కొంతభాగం అమెరికాలోనే చిత్రీకరణ జరుపుకుంది. లియోని తన మొదటి మూడు వెస్టర్న్ చిత్రాల్లో చూపలేకపోయిన అసలు నేల తెలుగు కౌబాయ్ గుర్రం కాళ్ళ కిందికి వచ్చింది. అక్కడ కూడా అతడు మాట్లాడుతూనే ఉన్నాడు.