బిళ్ళ ఒకటే, మెడలే వేరు

క్యాథలిక్ పునీతుల బిళ్ళను మెడలో కట్టుకునే ఆచారం గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినపడతాయి. హేతువాద మిత్రులు దాన్ని తాయెత్తు అంటారు, మూఢనమ్మకం కింద కొట్టేస్తారు. ఫాదరుగార్లు, చదువుకున్న క్రైస్తవులు అది భక్తికి గుర్తు మాత్రమేనని, లోహంలో మహిమేమీ లేదని సర్దిచెప్తారు. ఇద్దరూ బిళ్ళనే చూస్తున్నారు. అది ఏ మెడలో ఉందో చూడటం లేదు. మా పేచీ ఇక్కడే. దళిత పరిశోధన వస్తువు దగ్గర ఆగిపోతే కుదరదు. ఆ వస్తువును వేసుకున్నందుకు ఏ కులం ఎంత మూల్యం చెల్లిస్తుందో లెక్క తీయాలి.

ముందు బిళ్ళ చరిత్ర కొంత. మన పల్లెల్లో బాగా కనపడే మరియమాత బిళ్ళ, అంటే 'అద్భుత పతకం', పారిస్‌లో పుట్టింది. 1830లో కేథరిన్ లబూరే అనే కన్యస్త్రీ తనకు కలిగాయని చెప్పిన దర్శనాల నుంచి దాని నమూనా వచ్చింది. 1832లో పారిస్‌ను కలరా ఊడ్చేస్తున్నప్పుడు మొదటి బిళ్ళలు జనంలోకి పోయాయి. లబూరే రైతుబిడ్డ. చదువు అంతంతమాత్రం. ముసలివాళ్ళకు సేవ చేస్తూ బతికింది. ఆ దర్శనాలు చూసింది ఆమేనని 1876లో ఆమె చనిపోయేదాకా బయటి లోకానికి తెలియదు. అంటే ఇది పండితుల గ్రంథాల్లోంచి దిగివచ్చిన వస్తువు కాదు. కలరాకు మందు లేని రోజుల్లో పేదజనం గుండెకు ఆనించుకున్న వస్తువు.

తెలుగు నేలకు క్యాథలిక్ మతం 18వ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. అప్పుడు చేరినవాళ్ళలో రెడ్లు, కమ్మలు ఉన్నారు. మాల, మాదిగ పల్లెలు పెద్దఎత్తున చేరింది ఆ తర్వాత, ముఖ్యంగా 19వ శతాబ్దం చివరి నుంచి. 1924లో విజయవాడ గుణదల కొండ మీద లూర్దుమాత స్వరూపం వెలిసింది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళలో తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు, బిళ్ళలు కొనుక్కుంటారు. నల్లతాడుకు కట్టిన ఆ అల్యూమినియం బిళ్ళ పసిబిడ్డ మెడలోకి, ఆస్పత్రికి పోయే ముసలమ్మ మెడలోకి, ఊరుదాటి పనికిపోయే పిల్లాడి మెడలోకి చేరుతుంది.

ఇది తాయెత్తు కాదా అంటే, ఆ పోలిక ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. బిళ్ళ కట్టుకుంటే జ్వరం తగ్గదు, డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. కానీ హేతువాదులు ఒక సంగతి వదిలేస్తున్నారు. ఊళ్ళో గుడి గడప తొక్కనివ్వని మనిషికి, అమ్మవారి జాతరలో డప్పు కొట్టడానికి పనికొచ్చి గర్భగుడి దగ్గర పనికిరాని మనిషికి, దైవాన్ని చేత్తో పట్టుకుని గుండె మీద పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. అంటరానివాళ్ళన్నవాళ్ళు అంటుకోగలిగిన దైవం అది. దాంట్లో ఉన్న ఆత్మగౌరవాన్ని చూడకుండా వట్టి మూఢత్వం అనేయడం కూడా ఊరు చూసే చూపే, పల్లె చూసే చూపు కాదు.

ఇక రాజ్యం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుడైన దళితుడికి, ముస్లిమైన దళితుడికి ఆ సడలింపు ఇవ్వలేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్ళను బీసీ-సీలో పెట్టి 1 శాతం ఇచ్చారు. దీంతో ఏమైందయ్యా అంటే, రికార్డులో ఒక పేరు, గుడిలో ఒక పేరు. కుల సర్టిఫికెట్ కోసం రెవెన్యూ వాళ్ళు విచారణకు వస్తున్నారంటే గోడమీద మరియమాత పటం దిగుతుంది, బిళ్ళ చొక్కా లోపలికి పోతుంది.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఒక దళిత డాక్టరమ్మ క్రైస్తవుణ్ణి పెళ్ళాడింది. ఆమె క్లినిక్ గోడకు సిలువ కనపడిందని చెప్పి అధికారులు ఆమె కుల సర్టిఫికెట్ రద్దుచేశారు. 2021లో మద్రాసు హైకోర్టు వాళ్ళను తప్పుపట్టి దాన్ని తిరిగి ఇప్పించింది. కానీ 2024 నవంబరులో, పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, జ్ఞానస్నానం తీసుకుని గుడికి పోతున్న మహిళ ఎస్సీ సర్టిఫికెట్ అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. కొట్టేవాడు బిళ్ళను చూసి ఆగడు గదా! వాడు కులం చూసే కొడతాడు. బిళ్ళ కులాన్ని తుడిచేసిందని నమ్మేది ఒక్క చట్టమే.

ఇప్పుడు క్యాథలిక్ రెడ్డిగారిని చూడండి. ఆయన బంగారు గొలుసుకు అదే మరియమాత బిళ్ళ వేసుకుని చొక్కా బయటికే తిరుగుతాడు. ఆయన్ను ఎవరూ విచారించరు. పోవడానికి ఆయనకు ఎస్సీ సర్టిఫికెట్టే లేదు. పేరు వెనక రెడ్డి అట్లాగే ఉంటుంది, భూమి అట్లాగే ఉంటుంది, పెళ్ళిసంబంధాలు కులంలోనే కుదురుతాయి. ఒకే ఫాదరుగారు, ఒకే మంత్రజలంతో దీవించిన బిళ్ళ. ఆయన మెడలో అది భక్తి. మాదిగ మెడలో అది సాక్ష్యం, అదీ అతనికే వ్యతిరేకంగా.

శ్రీసభ ఈ తేడా ఎరగనిదేమీ కాదు. శ్రీసభలో కులం ఉందని 2016లో భారత క్యాథలిక్ మేత్రాణుల సమాఖ్యే తన దళిత విధాన పత్రంలో ఒప్పుకుంది. దేశంలో సుమారు 1 కోటి 90 లక్షల క్యాథలిక్కుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులేనని అప్పుడు లెక్క చెప్పింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడాయన. సంతోషమే. కానీ తిరుచ్చి మేలపుదూరు క్యాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేసిన గోడ సంగతి కూడా లోకం ఎరిగిందే. బిళ్ళలో మహిమ లేదని దళిత విశ్వాసికి వేదాంతం చెప్పే ముందు, ఆ గోడలో దేవుడు లేడని అగ్రకుల విశ్వాసికి అంతే గట్టిగా చెప్పాలి.

కాబట్టి మా వాదన బిళ్ళను తీసేయమనీ కాదు, నెత్తిన పెట్టుకోమనీ కాదు. దాన్ని దాచుకోవాల్సిన అగత్యం ఎవరికుంది, ఎందుకుంది అని అడగమంటున్నాం. మూడో పేరా తీసేయాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. దాన్ని పక్కన పెట్టి 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కమిషన్లకు లెక్కలు కావాలంటారు. ఆ లెక్కలు మన పల్లెల్లోనే ఉన్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ పల్లెల్లో వాకబు చేయాలి. ఎంతమందికి రెండు పేర్లున్నాయి? ఏ రోజున బిళ్ళ లోపలికి పోతుంది? ఎవరు అడిగితే పోతుంది? శ్మశానంలో ఎవరి చోటు ఎక్కడ? ఈ సంగతులు మనవాళ్ళ నోటే రాయించాలి, వాళ్ళ పేర్లు బయటపెట్టకుండా. ఎందుకంటే, పేరు బయటపడితే పోయేది వాళ్ళ సర్టిఫికెట్టే.