నీట కలిసే శిల్పం: ఖైరతాబాద్ మహాగణపతి నిర్మాణ విధానం

సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో స్కందగిరి మీద కొలువైన సుబ్రహ్మణ్యస్వామి ఏడాది పొడవునా అక్కడే ఉండి భక్తులకు దర్శనమిస్తాడు; ఆయన అన్నగారైన వినాయకుడు మాత్రం భాద్రపద శుద్ధ చవితి నాడు అదే పేట వీధుల్లోని పందిళ్లలోకి వచ్చి, కొద్ది రోజులు పూజలందుకుని, నీటిలో కలిసిపోతాడు. ఈ రెండు విధానాలకూ శాస్త్రంలో వేరువేరు పేర్లున్నాయి. గర్భగుడిలో ప్రతిష్ఠించి కదల్చకుండా ఉంచే శిలారూపాన్ని ధ్రువబేరం లేదా మూలవిరాట్టు అని, ఊరేగింపుకోసం బయటికి తెచ్చే లోహరూపాన్ని ఉత్సవమూర్తి అని అంటారు. మట్టి, ఇసుక, పిండి వంటి వాటితో ఆ పూజకోసమే చేసి, పూజ పూర్తి కాగానే విసర్జించే రూపాన్ని క్షణికం అంటారు. చవితి వినాయకుడు ఈ మూడో కోవకు చెందినవాడు.

క్షణికమైనంత మాత్రాన ఆ రూపం తక్కువది కాదు, దాన్ని చేసే విద్య సులువైనదీ కాదు. రాతి శిల్పి తన పని ఎంతకాలం నిలుస్తుందన్న ఒక్క విషయమే చూసుకుంటే చాలు. మట్టి వినాయకుణ్ణి చేసేవారు ఒకదానికొకటి ఎదురుపడే రెండు అవసరాలను ఒకేసారి తీర్చాలి: ఉద్వాసన చెప్పేదాకా విగ్రహానికి బీట కూడా పడకూడదు, నీటిలోకి దిగిన తరువాత అది గట్టిగా నిలిచి ఉండకూడదు. ఈ విద్యకు అతి చిన్న ఉదాహరణ ఇంట్లో పీట మీద కూర్చునే జానెడు విగ్రహమైతే, అతి పెద్ద ఉదాహరణల్లో ఒకటి హుస్సేన్‌సాగర్‌కు అవతలి ఒడ్డున, ఖైరతాబాద్‌లో ఏటా వెలిసే మహాగణపతి.

అరచేతిలో ఇమిడే మూలం

పెద్ద విగ్రహంలోని మెళకువలన్నీ చిన్న విగ్రహంలోనే మొదలవుతాయి. చెరువు మట్టిగానీ పుట్టమన్నుగానీ తెచ్చి, రాళ్లూ వేర్లూ ఏరి, నీళ్లు చల్లి నానబెట్టి, వేళ్లకు అంటుకోకుండా సాగే దాకా పిసుకుతారు. పీట మీద అడుగు ముద్దను అదిమి, దాని మీద బొజ్జ, ఆపైన తల నిలిపి, తొండాన్నీ చేతులనూ విడిగా చేసి అతికిస్తారు. అతికే చోట రెండు వైపులా వేలితో తడి రాయకపోతే ఆరిన తరువాత తొండం ఊడి చేతిలోకి వస్తుంది. చేట చెవులకు మట్టి పల్చగా ఉండాలి గనుక అవి ముందుగా ఆరి ముడుచుకుంటాయి. అందుకే విగ్రహాన్ని ఎండలో కాక నీడలో, అన్ని వైపులా సమంగా ఆరేలా పెడతారు. కళ్లకు రెండు గురివింద గింజలు అద్దితే ఎరుపు మీద నలుపు చుక్కతో చూపు దానంతటదే వస్తుంది.

పూజావిధానం కూడా ఈ తాత్కాలికతను మనసులో పెట్టుకునే ఏర్పడింది. మొదట ప్రాణప్రతిష్ఠ చేసి, అంటే మట్టిలోకి దైవశక్తిని మంత్రపూర్వకంగా ఆహ్వానించి, షోడశోపచారాలు అనే పదహారు మర్యాదలతో అతిథిని కొలిచినట్లు కొలుస్తారు. మాచీపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి మొదలుకొని జమ్మి, రావి, మద్ది, జిల్లేడు వరకు 21 రకాల ఆకులతో చేసే పత్రిపూజ, పైన కట్టే పాలవెల్లి, నైవేద్యం పెట్టే కుడుములూ ఉండ్రాళ్లూ ఈ మర్యాదల్లో భాగాలే. చివరిది ఉద్వాసన, అంటే వచ్చిన దైవాన్ని తిరిగి సాగనంపడం. ఆ మంత్రం చెప్పి విగ్రహాన్ని కాస్త కదిలించిన తరువాతే దాన్ని పీట మీద నుంచి తీస్తారు. కాబట్టి నీటిలో కలిపేది దేవుణ్ణి కాదు, దేవుడు కొన్నాళ్లు ఉండి వెళ్లిన మట్టిని. నిమజ్జనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భేదమే ఆధారం.

ఒక్క అడుగుతో ఆరంభం

1893లో పుణేలో లోకమాన్య తిలక్ వినాయక చవితిని ఇంటి పూజ నుంచి వీధి ఉత్సవంగా మలచిన తరువాత ఆ ఒరవడి దక్కన్ నగరాలకూ వ్యాపించింది. 1954లో సింగరి శంకరయ్య ఖైరతాబాద్‌లో ఒక్క అడుగు విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ తరువాత ఏటా కొంత చొప్పున ఎత్తు పెంచుతూ పోయే ఆనవాయితీ ఏర్పడి, 2014 నాటికి విగ్రహం 60 అడుగులకు చేరింది. నిమజ్జనంలోని కష్టాన్ని గమనించి కొన్నేళ్లు ఎత్తు తగ్గించినా, 2019లో అది మళ్లీ పెరిగి 61 అడుగులైంది. కరోనా కాలంలో, 2020లో, 9 అడుగుల ధన్వంతరి రూపానికి పరిమితమైంది. 2023లో 63 అడుగుల దశమహావిద్యా గణపతిగా, ఉత్సవాలకు 70 ఏళ్లు నిండిన 2024లో 70 అడుగుల సప్తముఖ మహాశక్తి గణపతిగా, 2025లో 69 అడుగుల విశ్వశాంతి మహాశక్తి గణపతిగా వెలిసింది.

అంటే ఖైరతాబాద్‌లో ఏ రూపమూ రెండోసారి రాదు. ప్రతి ఏడాదీ పండితులను సంప్రదించి ఒక కొత్త నామాన్ని, దానికి తగిన ధ్యానరూపాన్ని, పక్కన నిలిచే దేవతలను నిర్ణయిస్తారు; దశాబ్దాలుగా ఈ విగ్రహాలకు రూపమిస్తున్న శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్ ఆ భావనను నమూనా చిత్రంగా మలుస్తారు. గుడిలోని మూర్తికి ఒకే ధ్యానరూపం తరతరాలు కొనసాగితే, ఇక్కడ ఒకే దేవుడు ఏటికొక రూపంలో దర్శనమిస్తాడు.

కర్రపూజ నుంచి కంటిచూపు దాకా

నిర్మాణం జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి నాడు, అంటే నిర్జల ఏకాదశి రోజున, కర్రపూజతో మొదలవుతుంది. పనికి ఆధారమయ్యే కర్రను నిలిపి, పసుపుకుంకుమలతో పూజించడమే కర్రపూజ. అధికమాసం అడ్డురాకపోతే ఆనాటి నుంచి చవితికి ఉండే గడువు 80 రోజులకు కాస్త అటూ ఇటూ. ఆ రోజుల్లో ఎక్కువ భాగం వానాకాలమే. అందువల్ల విగ్రహం కన్నా ముందు దాని చుట్టూ పరంజా, దాని మీద కప్పు లేస్తాయి. పనివాళ్లు నిలబడే తట్టూ, మట్టిని వాన నుంచి కాపాడే గొడుగూ అదే.

లోపలి అస్థిపంజరం ఇనుముతో తయారవుతుంది. కడ్డీలనూ గొట్టాలనూ వెల్డింగ్ చేసి పీఠం, నడుము, భుజాలు, తలల వరకు చట్రం కడతారు. చిన్న విగ్రహంలో చెయ్యి తన బరువును తానే మోస్తుంది. పెద్ద విగ్రహంలో పక్కకు చాచిన చేతి బరువంతా భుజం దగ్గర పడుతుంది గనుక, ఆ బరువు నిలువు కడ్డీల మీదుగా పీఠానికి దిగే మార్గాన్ని చట్రం కట్టేటప్పుడే చూసుకోవాలి. పైగా ఈ శిల్పం ఉన్నచోటే ఉండేది కాదు. దాన్ని క్రేన్‌తో ఎత్తి, వాహనం మీదికి చేర్చి, రోడ్డు మీద నడిపించి, మళ్లీ ఎత్తి నీటిలో దించాలి. ఏ కడ్డీకి కొక్కెం తగిలించాలో చట్రం దశలోనే తేలకపోతే చివరి రోజున దాన్ని సరిదిద్దే వీలుండదు.

చట్రానికి ఇనుప జాలీ చుట్టి, వరిగడ్డిని పురికొసతో బిగించి కండల ఆకారం తెస్తారు. గడ్డి వల్ల లోపలి భాగం తేలికవుతుంది, మట్టి తక్కువ పడుతుంది, ఆరేటప్పుడు గాలి ఆడుతుంది. దాని మీద వేసే తొలి పూతలో మట్టితో పాటు ఇసుక, జనపనార వంటివి కలుపుతారు. తడి మట్టి ఆరుతూ కుదించుకుంటుంది, అలా కుదించుకునేటప్పుడే బీటలు వారుతుంది. ఇసుక ఆ కుదింపును తగ్గిస్తే, నార పోగులు బీటకు అడ్డంగా నిలిచి మట్టిని పట్టి ఉంచుతాయి. మొదటి పూత ఆరి, రావలసిన బీటలు వచ్చాక, మెత్తని మట్టితో రెండో పూత వేసి వాటిని పూడ్చి, తడిగుడ్డతో నునుపు చేస్తారు. ఆభరణాల అంచులు, కిరీటంలోని పువ్వులు, పట్టుపంచె మడతలు ఈ పైపూతలోనే తేలతాయి. వివిధ రాష్ట్రాల నుంచి వచ్చే పనివాళ్లు వెల్డింగ్, గడ్డికట్టు, మట్టిపని, రంగులు అనే నాలుగు పనులనూ ఎవరి నేర్పును బట్టి వారు పంచుకుంటారు. నీటిలో కలిసే రంగులు వేసిన తరువాత చివరగా కళ్లు దిద్దుతారు. పద్మశాలీలు కండువా, జంధ్యం, గరికమాల సమర్పించగానే శిల్పశాల పూజామండపంగా మారుతుంది.

కొలత, చూపు

శిల్పశాస్త్రంలో విగ్రహం ఎత్తును తాళమానంతో కొలుస్తారు. ముఖం పొడవు ఒక తాళం. దాన్ని పన్నెండు అంగుళాలుగా విభజిస్తారు. ఈ అంగుళం బజారులో దొరికే స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికి మాత్రమే చెందిన కొలత గనుక, జానెడు బొమ్మకైనా నిలువెత్తు శిల్పానికైనా నిష్పత్తి ఒక్కటే అవుతుంది. మహాపురుషుల రూపాలకు ఎనిమిది నుంచి పది తాళాలు చెబితే, వినాయకుడికి ఐదు తాళాలు చెప్పారు. అంటే మొత్తం ఎత్తులో ఐదో వంతు ముఖానిదే. చూసినవారికి పెద్దవాణ్ణి చూసిన భయం కాక పసివాణ్ణి చూసిన ముద్దు కలగడానికి కారణం ఈ లెక్కే. పసిపిల్లల శరీరంలోనూ తలకు ఉండే పాలు ఎక్కువ.

ఎత్తు పెరిగే కొద్దీ ఈ నిష్పత్తికి మరో చిక్కు ఎదురవుతుంది. భక్తులు నేల మీద నిలబడి మెడ ఎత్తి చూస్తారు గనుక, దగ్గరగా ఉన్న పాదాలు పెద్దవిగానూ, దూరంగా ఉన్న ముఖం చిన్నదిగానూ కనిపిస్తాయి. అందువల్ల ఎత్తైన విగ్రహాల్లో తలను లెక్కకన్నా కాస్త పెద్దది చేసి, ముందుకు వంచి, కనుపాపలను కిందికి దించి దిద్దడం శిల్పుల పద్ధతి. పరంజా మీద కంటికి ఎదురుగా నిలబడి చూస్తే ఆ కనుచూపు వాలిపోయినట్లు ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూస్తే అది సరిగ్గా తన మీదే నిలిచిందని ప్రతి భక్తుడికీ అనిపిస్తుంది. లక్షల మంది ఈ మూర్తిని తమ ఇంటి దేవుడిగా భావించుకోవడంలో ఆ చిన్న సవరణకు పెద్ద పాత్రే ఉంది.

మళ్లీ మట్టిలోకి

కొన్ని దశాబ్దాలపాటు జంటనగరాల్లోని పెద్ద విగ్రహాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనే తయారయ్యాయి. జిప్సమ్ అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి పొడి చేస్తే వచ్చేదే ప్లాస్టర్. నీళ్లు కలిపితే అది నిమిషాల్లో బిగుసుకుని తిరిగి జిప్సమ్ అవుతుంది. అచ్చులో పోస్తే నునుపుగా, తేలికగా, చవకగా విగ్రహం తయారవుతుంది. ధూల్‌పేట కళాకారుల కుటుంబాలకు దశాబ్దాలుగా అన్నం పెట్టింది కూడా ఈ పనే. అయితే లీటరు నీటిలో రెండు మూడు గ్రాములకు మించి కరగని జిప్సమ్, చెరువు అడుగున పెళ్లలుగా మిగులుతుంది. రసాయన రంగుల్లోని సీసం వంటి లోహాలు నీటిలో చేరతాయి. కాల్చని మట్టి సంగతి వేరు: దాని రేణువుల మధ్య నుంచి నీరు ఆవిరైతే గట్టిపడుతుంది, ఆ నీరు తిరిగి చేరితే విడిపోతుంది. క్షణిక విగ్రహానికి పూర్వులు పచ్చిమట్టిని ఎంచుకోవడంలోని వివేకం ఇదే.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దని చెప్పింది. 2021 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు వాటిని హుస్సేన్‌సాగర్‌లో నిమజ్జనం చేయరాదని ఆదేశించగా, ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు మినహాయింపునిచ్చింది. 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల మహాగణపతిని మట్టితోనే నిర్మించారు. ఐదంతస్తుల మేడంత ఎత్తున పచ్చిమట్టి నిలుస్తుందా అన్న సందేహానికి ఆ ఏడాదే జవాబు దొరికింది. ఆ తరువాత 70 అడుగుల వరకు సాగిన పని దాన్ని స్థిరపరిచింది. మట్టి విగ్రహంలోనూ ఇనుము ఉంటుంది, రంగు ఉంటుంది, వాటి భారం చెరువు మీద ఎంతో కొంత పడుతుంది. నిమజ్జనం తరువాత చట్రాలను క్రేన్లతో పైకి తీయడం, చిన్న విగ్రహాలకు వేరుగా కొలనులు ఏర్పాటు చేయడం ఆ భారాన్ని తగ్గించే ప్రయత్నాలు.

అనంత చతుర్దశి నాడు పరంజా విప్పి, కింది ఆధారాలను కోసి, విగ్రహాన్ని పొడవైన ట్రాలీ మీదికి ఎక్కిస్తారు. లక్డీకాపూల్, సచివాలయం మీదుగా అది ఎన్టీఆర్ మార్గ్‌కు చేరుతుంది; సికింద్రాబాద్ వైపు విగ్రహాలు రాణిగంజ్, కర్బలా మైదానం దారిన ట్యాంక్‌బండ్‌కు వస్తాయి. 16వ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ చెరువే జంటనగరాలను విడదీస్తుంది, ఆనాడు రెండింటి దేవుళ్లనూ ఒక్క నీటిలో కలుపుతుంది.

70 అడుగుల శిల్పాన్ని పదకొండు రోజులకు నీటిలో వదిలేయడం శ్రమనూ ధనాన్నీ వృథా చేయడమని అనుకునేవారున్నారు. ఆ విగ్రహాన్ని శాశ్వతంగా నిలిపి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. చట్రం కట్టడం, గడ్డి బిగించడం, మట్టి పాళ్లు కలపడం, కనుపాపను దించడం ఒక్కసారితో ముగిసి, ఆ తరం చేతులతోనే అంతరించేవి. విగ్రహం ఏటా కరిగిపోవడం వల్ల ఆ పని ఏటా మళ్లీ చేయవలసి వస్తోంది, పెద్దల పక్కన నిలబడి కుర్రవాళ్లు నేర్చుకోవలసి వస్తోంది. ఈ సంప్రదాయం దాచిపెట్టేది విగ్రహాన్ని కాదు, విద్యను. వచ్చే జ్యేష్ఠ ఏకాదశి నాటికి ఖైరతాబాద్‌లో ఆ చోట విగ్రహం ఆనవాలు కూడా ఉండదు. అక్కడ ఒక కర్ర నిలిపి, దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పని మొదలుపెడతారు.