వంటిల్లు ఒకరిది, పేడతట్ట ఒకరిది

స్త్రీలందరి బాధా ఒకటేనన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. ఎక్కడ నిలబడి ఆ మాట అంటున్నారన్నదే మా ప్రశ్న. పొలం గట్టు మీద నిలబడా, ఊడ్పుల బురదలో నడుం వంచా?

'నీలిమేఘాలు' (1993) తెలుగు కవిత్వంలో పెద్ద మలుపు. ఆడదాని శరీరం, ఇంటిచాకిరీ కవిత్వమెట్లా అవుతాయన్న పెద్దల నోళ్లు స్త్రీవాదం మూయించింది. దాన్ని మేం తక్కువ చెయ్యం. విమల 'వంటిల్లు' కవితలో వంటగది ఆడమనిషి ఉనికినే మింగేసే చోటు. ఆ కోపం నిజమే. అయితే విజయవాడ చుట్టుపక్కల ఊళ్లలో నిన్నమొన్నటిదాకా మాల మాదిగ స్త్రీకి ఆసామి వంటింటి గడప తొక్కే హక్కే లేదు. ఆమె చోటు దొడ్లో, పేడతట్ట దగ్గర. తన గుడిసెలో ఉన్నది మూడు రాళ్ల పొయ్యి. పొద్దున్నే ఊడ్పులకు పోతే చీకటిపడ్డాకే మళ్లీ దాని మొహం చూసేది. వంటింటిని కాదనాలంటే ముందు వంటిల్లంటూ ఉండాలి కదా!

ఈ తగాదా మన ఒక్కళ్లదే కాదు. 1963లో అమెరికాలో బెట్టీ ఫ్రీడన్ 'ఫెమినైన్ మిస్టిక్' రాసి, మధ్యతరగతి ఇల్లాలి ఊపిరాడనితనాన్ని బయటపెట్టింది. 1984లో నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ ఆమెను నిలదీసింది: ఆ ఇల్లాలు ఉద్యోగానికి వెళ్తే ఆ ఇంటినీ, పిల్లల్నీ చూసేదెవరు? పొరుగున తమిళంలో బామ 'సంగతి' (1994) చూడండి. పరయ స్త్రీలకు పొలంలో మగవాళ్లకన్నా తక్కువ కూలి, ఇంటికొస్తే మొగుడి దెబ్బలు. అయినా అది ఏడుపు పుస్తకం కాదు. ఎకసెక్కాలు, తిట్లు, పాటలు అన్నీ వాడ భాషలోనే ఉంటాయి.

మా కూలితల్లులకు ఒకే ఊరి ఆసామి భార్యకన్నా ఈ స్త్రీలే దగ్గరవాళ్లు. ఆ దగ్గరతనం చాకిరీ నుంచీ, అవమానం నుంచీ వచ్చింది. అట్లాగని రెండూ ఒకటే అనలేం. అక్కడ రంగు, ఇక్కడ అంటు. బెల్ హుక్స్ పేరు సభల్లో చెప్పి, పక్కనున్న దళిత రచయిత్రిని చదవకపోతే అది ఉత్త అలంకారమే.

దళిత కవి సోదరుల్నీ అడుగుతున్నాం. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్త కొట్టవచ్చినవాళ్ల మీదికి బిందె ఎత్తింది. మర్నాడు మాదిగల మీద దాడి జరిగింది, ఆరుగురు చనిపోయారు. ఆ బిందె మన ఉద్యమానికి గుర్తయింది. మరి ఆ బిందె మోసిన నడుం గురించి, ఇంట్లో ఆమె మీద లేచే చెయ్యి గురించి మన కవిత్వం ఎంత మాట్లాడింది?

ఆ మాట దళిత స్త్రీలే మాట్లాడారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' (2003) 1921 నుంచి 2002 దాకా వాళ్లు రాసిన సాహిత్యాన్ని ఒకచోటికి తెచ్చింది. చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు' 2005లో వచ్చింది. రాసినవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు, చదవాల్సినవాళ్లే ఆలస్యంగా వచ్చారు. కాలేజీల్లో 'నీలిమేఘాలు' చెప్పే పంతుళ్లు 'నల్లపొద్దు'ను కూడా అదే క్లాసులో, అంతే గౌరవంగా చెప్పాలి. 'మన స్త్రీలం' అన్న మాట అప్పుడు అందాం.