చెరువు కట్ట మీద లెక్క

నాట్ల కాలంలో జగిత్యాల నుంచి కోరుట్ల వైపు పోయే దారికి రెండు పక్కలా పొలాల్లో ట్రాక్టర్లు దమ్ము చేస్తుంటాయి. కేజ్ వీల్స్ బురద తిరగేస్తుంటే వాటి వెనకాలే తెల్ల కొంగలు, గొడ్డు కొంగలు, కంకణం పిట్టలు గుంపులుగా నడుస్తాయి. పైకి తేలిన పురుగులు, కప్పపిల్లలు, నత్తలు వాటికి ఆ పూట మేత. రైతులు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూస్తున్నదే ఇది. అయితే ఆ గుంపులో కొంగలెన్ని, పదేళ్ల కిందట ఎన్ని ఉండేవి, పక్క ఊరి చెరువు నిండుగా ఉన్న ఏడాది ఎక్కువొచ్చాయా తక్కువొచ్చాయా అని అడిగితే కచ్చితమైన జవాబు దొరకదు. చూసినవాళ్లు వేలమంది, రాసిపెట్టినవాళ్లు అతి కొద్దిమంది.

ఆ రాసిపెట్టే పనికి తెలుగు నేల మీద పాత చరిత్రే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డాన్ పక్షులను సేకరించి వర్ణించడమే కాక, స్థానికులు వాటిని పిలిచే తెలుగు పేర్లను కూడా తన పుస్తకాల్లో నమోదు చేశాడు. ఆ తర్వాతి పెద్ద అడుగు నిజాం రాజ్యంలో పడింది. 1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశారు. ఇప్పటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అప్పట్లో ఆ సంస్థానంలోని కరీంనగర్ జిల్లాలో భాగం. సంస్థానాల్లో ఆయన చేసిన సర్వేల వరుసకు ఇదే మొదలు. భార్య తెహ్మీనా వెంట ఉండగా డేరాలు వేసుకుంటూ ఊరూరా తిరిగారు. ఫలితాలు 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలుగా వచ్చాయి.

అప్పటి పద్ధతి తుపాకీతో మొదలయ్యేది. పక్షిని కొట్టి, చర్మం వలిచి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఆడదా మగదా, కడుపులో ఏముంది అన్నవి చీటీ మీద రాసి కట్టేవారు. ఆ నమూనాలను ఇంగ్లండులోని పక్షిశాస్త్రవేత్త హ్యూ విస్లర్ వేరే ప్రాంతాల నమూనాలతో పోల్చి చూసేవాడు. నేటి పరిశోధకుడి చేతిలో తుపాకీ లేదు, దుర్భిణి ఉంది. చీటీ మీది అంశాలు మాత్రం అంతగా మారలేదు. స్థలం, తేదీ, సమయం, పక్షి ఏం చేస్తోంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా వివరాల విలువ సగానికి పడిపోతుంది.

నీటి పక్షుల విషయంలో ఈ సంప్రదాయానికి పెద్ద పండుగ జనవరిలో వస్తుంది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా ఆ నెలలో జరుగుతుంది. మన దేశంలో వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దాన్ని నడిపిస్తాయి. లెక్కించేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చేవారే. జనవరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఉత్తరాది నుంచి సెప్టెంబరు మొదలుకొని దిగే వలస పక్షులు అప్పటికి ఒక చోట కుదురుకుంటాయి, తిరుగు ప్రయాణం ఇంకా మొదలు కాదు. గుంపులు అటూ ఇటూ మారడం తక్కువ కాబట్టి ఒకే పక్షిని రెండు చెరువుల్లో లెక్కపెట్టే ప్రమాదమూ తక్కువ.

పని చూడ్డానికి తేలిక. కట్ట మీద నిలబడి లెక్కపెట్టడమే కదా అనిపిస్తుంది. దిగితే గాని మెళకువలు తెలియవు.

మొదటిది, సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఎదురెండలో ప్రతి బాతూ నల్లగానే కనిపిస్తుంది. రెండోది, చెరువును కంటితోనే భాగాలు చేసుకోవాలి: తూము దగ్గర నుంచి మత్తడి దాకా ఒకటి, మత్తడి నుంచి శిఖం అంచు దాకా ఇంకొకటి. ఒక భాగం పూర్తయ్యాకే రెండో దానికి పోవాలి. మూడోది, గుంపు పెద్దదైతే ఒక్కొక్కటిగా లెక్కించడం కుదరదు. ముందు యాభై పక్షులను కచ్చితంగా లెక్కపెట్టి, అవి ఎంత జాగా పట్టాయో చూసుకుని, అటువంటి జాగాలు గుంపులో ఎన్ని ఉన్నాయో అంచనా కడతారు. పెద్ద గుంపును చూసినప్పుడు కన్ను సాధారణంగా తక్కువే చెబుతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్కించి తర్వాత పోల్చుకుంటారు. గుంపు లేచి ఎగిరితే ఎటు పోయిందో రాసుకోవాలి, లేకపోతే పక్క కుంటలో అదే గుంపు మళ్లీ లెక్కకెక్కుతుంది.

నాలుగోది చాలామంది వదిలేసేది: లేనివాటిని కూడా రాయడం. ఈ చెరువులో గంటసేపు చూశాం, ఒక్క బాతూ లేదు అన్నది కూడా సమాచారమే. ఇప్పుడు విస్తృతంగా వాడే ఈబర్డ్ యాప్‌లో మొదలుపెట్టిన సమయం, గడిపిన నిమిషాలు, నడిచిన దూరం అడిగేది ఇందుకే. కనిపించిన, వినిపించిన పక్షులన్నీ నమోదు చేశారా అనీ అడుగుతుంది. అరుదైన పిట్ట కనిపించినప్పుడు మాత్రమే రాసి, కాకిని, గోరింకను వదిలేస్తే, కాకి తగ్గిందో పెరిగిందో ఎప్పటికీ తెలియదు.

ఇలా పోగైన లెక్కలు ఏం చెప్పగలవో 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చూపింది. సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికుల పరిశీలనలతో 942 జాతుల స్థితిని అది అంచనా వేసింది. దీర్ఘకాలపు ధోరణి తేల్చడానికి తగినంత సమాచారం దొరికిన జాతులు 338. వాటిలో 204 తగ్గుతున్నాయి, 98 నిలకడగా ఉన్నాయి, 36 పెరిగాయి. పెరిగినవాటిలో నెమలి ఉంది. మన ఊళ్లలో రైతులు ఆ సంగతి నివేదిక కన్నా ముందే చెప్పారు. తగ్గుతున్నవాటిలో నీటి అంచున మేసే వలస పిట్టలు, బాతులు ఉన్నాయి.

అవి ఎందుకు తగ్గుతాయో అర్థం కావాలంటే నీటి లోతు గురించి తెలుసుకోవాలి. నీటి పక్షులన్నీ ఒకే చెరువులో ఉన్నా ఒకే చోట మేయవు. పొట్టి కాళ్ల ఉల్లంకి పిట్టలకు వేలెడు లోతు, తడి బురద కావాలి. తల నీళ్లలో ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు మూరెడు లోపు చాలు. ఎర్రకాళ్ల కొంగ మోకాలి లోతులో ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే టక్కున మూస్తుంది. నత్తగుల్ల కొంగ రెండు ముక్కుల మధ్య సందు పెట్టుకుని నత్తల కోసం వరి మళ్లలో వెతుకుతుంది. బుడుబుంగ, నీటికాకి లోతు నీళ్లలో మునిగి వేటాడతాయి. అంటే లోతు పది అడుగులు పెరిగితే నీటికాకికి ఇబ్బంది లేదు, ఉల్లంకికి మాత్రం ఆ చెరువు లేనట్టే.

పాత గొలుసుకట్టు చెరువులు ఈ లోతులన్నిటినీ ఒక్క ఏడాదిలోనే వరుసగా అందించేవి. వానకాలంలో నిండి మత్తడి దుంకేవి. యాసంగికి తూము తీసేకొద్దీ నీళ్లు వెనక్కి తగ్గి, ఫిబ్రవరి, మార్చి నాటికి చుట్టూ వెడల్పాటి బురద అంచు బయటపడేది. సరిగ్గా వలస పిట్టలు తిరుగు ప్రయాణానికి కొవ్వు పెంచుకునే రోజులు అవి. హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా దాకా పోయే పట్టెతల బాతుకు ఆ ఒకటి రెండు నెలల మేత ప్రాణాధారం.

ఈ ప్రాంతంలో నీటి స్వరూపం రెండు మూడు తరాల్లోనే మారిపోయింది. 1963లో పోచంపాడు దగ్గర శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ జగిత్యాల జిల్లా మీదుగా కరీంనగర్ వైపు సాగింది. సిరిసిల్ల వైపు నర్మాల దగ్గర నిజాం కాలపు ఎగువ మానేరు ఉంది. దాని దిగువన బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర 25 టీఎంసీలకు పైగా నిల్వ సామర్థ్యంతో మధ్య మానేరు వచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణను తలపెట్టింది. కరువు చూసిన రైతుకు ఇవన్నీ ఊరట. పక్షులకు మాత్రం మేలూ కీడూ కలిసే వచ్చాయి. లోతు నీళ్లలో బతికే జాతులకు కొత్త తావులు దొరికాయి. చలికాలమంతా కాలువ నీళ్లతో నిండుగా ఉండే చెరువులో బురద అంచు బయటపడదు. పూడిక తీసేటప్పుడు ఒడ్డును నిట్టనిలువుగా చెక్కితే అది ఎప్పటికీ బయటపడదు. శిఖంలోని తుమ్మచెట్లన్నీ కొట్టేస్తే కొంగలకు గూడు కట్టుకునే చోటూ పోతుంది.

నదిలో సమస్య ఇంకోలా ఉంటుంది. నల్ల టోపీ, పసుపు ముక్కు, చీలిన తోక ఉన్న రివర్ టెర్న్ ఎండాకాలంలో నది మధ్య ఇసుక తిన్నెల మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. గూడంటూ కట్టదు, ఇసుకలో చిన్న గుంట చేస్తుందంతే. తిన్నెను లారీలకెత్తినా, పైనుంచి ఒక్కసారి నీళ్లు వదిలినా ఆ ఏటి సంతానం పోయినట్టే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. మానేరు, గోదావరి తిన్నెల మీద మార్చి నుంచి మే దాకా వారానికోసారి దూరం నుంచే గూళ్లు చూసి రాసేవారుంటే, ఏ తిన్నె జోలికి పోకూడదో అధికారులకు చూపించే ఆధారం దొరుకుతుంది.

లోతు పాఠాన్ని కోస్తా ఇంకా పెద్ద ఎత్తున నేర్పింది. కొల్లేరులో లోతు తక్కువ చిత్తడి నేల చేపల చెరువులుగా మారి గట్లు లేచాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించాక కూడా అవి నిలిచాయి. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం చెరువు గట్లను తెగ్గొట్టాల్సి వచ్చింది. పులికాట్‌లో రాజహంసల రాక కూడా నీటి మట్టం, ఉప్పదనం మీదే ఆధారపడుతుంది. దానికి దగ్గర్లోని నేలపట్టు చెరువులో గూడబాతులు నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు నమ్ముతారు, పక్షులను కాపాడుకుంటారు.

అంకెలు ఒక్కటే చాలవని చెప్పే ఉదంతం కడప జిల్లాది. జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన కలివి కోడి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర ఒక స్థానిక వేటగాడి సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్లీ కనుగొన్నారు. రాత్రి తిరిగే పిట్ట కాబట్టి తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి పాదముద్రలు వెతికారు. శాస్త్రం వెతికే దారి చూపింది, చోటు చూపింది మాత్రం అక్కడే పుట్టి పెరిగిన మనిషి. మన దగ్గరా నీరటికి, చెరువు మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకారులకు తెలిసిన సంగతులు ఏ నోటుపుస్తకంలోనూ లేవు. ఏ నెలలో ఏ మూల నీళ్లు ఎండుతాయి, ఏ చెట్టు మీద ఏటా గూళ్లు పడతాయి, ఏ ఏడు బాతులు రాలేదు అన్నవి వాళ్లనడిగి రాసుకోవాల్సిందే.

పక్షుల లెక్క రైతుకు నేరుగా ఉపయోగపడే సందర్భాలూ ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఐసీఏఆర్ సాయంతో నడిచే పక్షిశాస్త్ర ప్రాజెక్టు ఏ పంటను ఏ పిట్ట ఎంత తింటుందో, ఏది పురుగులను, ఎలుకలను తిని మేలు చేస్తుందో చూస్తుంది. గుడ్లగూబ కక్కిన ఉండలను విడదీసి చూస్తే ఎలుకల ఎముకలు బయటపడతాయి. మక్కజొన్న కంకులను దాని ఆకులతోనే చుట్టడం, మెరిసే రిబ్బను కట్టడం వంటి చంపకుండా కాపాడుకునే ఉపాయాలు ఇటువంటి పనిలోంచే వచ్చాయి.

ఈ సంప్రదాయం ఇక్కడ వేళ్లూనడానికి కొత్త సంస్థలేవీ అక్కర్లేదు. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధనా స్థానం ఉన్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. సిరిసిల్లలో డిగ్రీ కళాశాలలున్నాయి. ఒక్కో కళాశాల దగ్గర్లోని ఒక చెరువును ఎంచుకుని, నెలకోసారి, అదే వారంలో, అదే చోట నిలబడి, అదే గంటసేపు లెక్క కడితే చాలు. నీటి మట్టం ఎంతుందో, బురద అంచు ఎంత వెడల్పుందో, గూళ్లున్న చెట్లు ఎన్నో పక్కనే రాయాలి. ఒక్క ఏడాది లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. అయిదేళ్ల లెక్క చేతిలో ఉంటే, పూడికతీతకు వచ్చిన ఇంజినీరును ఒక వైపు ఒడ్డు వాలుగా వదలమని, శిఖంలో గూళ్లున్న తుమ్మచెట్లను ఉంచమని ఆధారంతో అడగొచ్చు. వచ్చే జనవరి గణనలో ఎవరైనా పాల్గొనవచ్చు. ఒక దుర్భిణి, ఒక పుస్తకం, మీ ఊరి చెరువు ఉంటే మొదలుపెట్టండి.