సాక్ష్యాల్లో పండిన కరుణ

కరుణరసం పండాలంటే చెప్పేవాడు ముందుగా ఏడవకూడదు. అమెరికా నల్లజాతి న్యాయవాది బ్రయాన్ స్టీవెన్‌సన్ 2014లో వెలువరించిన ‘జస్ట్ మెర్సీ’లో ఆ నిగ్రహం మొదటి పుట నుంచీ కనిపిస్తుంది.

అలబామాలోని మన్రోవిల్, రచయిత్రి హార్పర్ లీ సొంతూరు. 1986 నవంబరు 1న అక్కడొక తెల్లజాతి యువతి హత్యకు గురైంది. ఆ నేరం మోపి పోలీసులు పట్టుకున్న నల్లజాతివాడు వాల్టర్ మెక్‌మిలియన్, ఆ పొద్దున తన ఇంటి దగ్గరే ఉన్నాడు. చర్చి కోసం చేపలు వేయించి అమ్ముతున్న బంధుమిత్రులంతా చూశారు. అయినా దోషి అన్నారు. జ్యూరీ యావజ్జీవం చాలంటే, జడ్జి దాన్ని కాదని మరణశిక్ష వేశాడు.

ఆ తర్వాత అతని కేసు చేపట్టిన స్టీవెన్‌సన్, ఇంత అన్యాయం చెబుతూ కూడా గొంతు పెంచడు. పోలీసులు రికార్డు చేసిన టేపులో ప్రధాన సాక్షి వాంగ్మూలం వింటాడు. అది అయిపోయాక టేపు తిప్పి వేస్తాడు. రెండోవైపు అదే సాక్షి, ఏ పాపమూ ఎరగని మనిషిని ఇరికించమంటారేమిటని పోలీసుల దగ్గర మొత్తుకుంటున్నాడు! వ్యాఖ్యానం అక్కర్లేకుండానే మన ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మిసెస్ విలియమ్స్ ఘట్టం. మెక్‌మిలియన్ కేసు తిరిగి విచారణకు వచ్చినప్పుడు చూడడానికి వెళ్లిన ఆ పెద్దావిడ, కోర్టు గుమ్మంలో పోలీసు కుక్కను చూసి వణికిపోతుంది. 1965లో సెల్మాలో పౌరహక్కుల ఊరేగింపు మీదికి ఉసిగొల్పిన కుక్కలు కళ్లముందు కదిలి, ఏడుస్తూ వెనుదిరుగుతుంది. మర్నాడు అదే కుక్కను దాటుకుని లోపలికొస్తుంది. జడ్జి వచ్చి అందరూ కూర్చున్నాక కూడా నిలబడే ఉండి, తాను వచ్చానని నిండు కోర్టుకూ వినపడేలా చెబుతుంది. భయం నుంచి వీరరసం ఇలా పుట్టడం నేను ఏ కావ్యంలోనూ ఇంత దగ్గరగా చూడలేదు.

హత్య జరిగిన ఆరేళ్ల తర్వాత, 1993లో, మెక్‌మిలియన్ నిర్దోషిగా విడుదలయ్యాడు. పుస్తకం ఆ గెలుపుతో సరిపెట్టుకోదు. స్టీవెన్‌సన్ మరో కక్షిదారు హెర్బర్ట్ రిచర్డ్‌సన్ పెట్టిన బాంబుకు ఒక చిన్నపిల్ల చనిపోయింది. 1989లో అతన్ని చంపబోయే రోజున జైలు సిబ్బంది పొద్దుటి నుంచీ ఏం కావాలి, ఏం కావాలని అడుగుతూనే ఉన్నారు. బతుకంతా అలా అడిగినవాళ్లు లేరని అతను గుర్తుచేసుకుంటాడు. నిర్దోషి మీద జాలి ఎవరికైనా కలుగుతుంది. నేరం చేసినవాడి పక్కన కూడా మనల్ని కూర్చోబెట్టడమే ఈ రచన శిఖరం.

లా చదివే పిల్లలు సెక్షన్లు బట్టీ పట్టేలోగా ఈ పుస్తకం ఒక్కసారి చదవాలి. శిక్ష వెయ్యడం తేలికన్న భ్రమ పోతుంది.